లాలాజల గ్రంథిలో రాళ్లు – 4వ పాఠం: వేలు వెనక నుంచి ముందుకే

పోయిన పాఠం తర్వాత హౌస్ సర్జన్లు చాలామంది ఒకటే మాట రాశారు: "రాయి వేలికి తగిలింది, మళ్లీ తడిమితే లేదు." రాయి ఎక్కడికీ పోలేదండీ, మీ వేలే దాన్ని వెనక్కి నెట్టింది. తప్పు నాదే. రెండు చేతులతో తడమండి అన్నాను గానీ ఎటు నుంచి ఎటో చెప్పలేదు. అందుకే ఈ రోజు అదే చెబుతాను, ఎండోస్కోపీ పాఠం వచ్చే వారానికి వాయిదా.

దవడ కింది గ్రంథి నాళం దాదాపు 5 సెం.మీ. పొడవుంటుంది, నాలుక కింద ముందు పళ్ల వెనక చిన్న బొడిపె దగ్గర తెరుచుకుంటుంది. ఒక చెయ్యి బయట దవడ ఎముక కింద పెట్టి గ్రంథిని పైకి ఎత్తండి. గ్లవ్ వేసిన రెండో చేతి చూపుడు వేలు నోట్లో, నాలుక పక్కన, చివరి దంతం దగ్గర ఆనించి నెమ్మదిగా ముందుకు రండి. ముందు నుంచి వెనక్కి ఎప్పుడూ వద్దు. బొడిపె దగ్గరున్న రాయిని అక్కడే మత్తిచ్చి చిన్న కోతతో తీసేయొచ్చు. అదే వెనక్కి, గ్రంథి దగ్గరికి జారిందా, లింగ్వల్ నరం (నాలుకకి స్పర్శ తెలిపే నరం) నాళాన్ని దాటే చోటు అదే కాబట్టి పని చాలా కష్టమవుతుంది. కోసే ముందు రాయికి వెనక నాళం చుట్టూ ఒక కుట్టు వేసి పట్టుకునేదీ ఇందుకే.

నా దగ్గరికొచ్చిన ఒకాయనకి మొదటి ముద్ద నోట్లో పెట్టగానే దవడ కింద ఉసిరికాయంత వాపు వచ్చేది, గంటన్నరకి తగ్గేది. పంటి నొప్పని నెలల తరబడి మాత్రలు మింగాడు. నాలుక ఎత్తమన్నాను, బొడిపె వెనకే బియ్యపు గింజంత పసుపు రంగు కనిపించింది. వేలు పెట్టే ముందు నాలుక ఎత్తించి చూడటం మరవకండి.

గ్రంథి నొక్కితే చీము వస్తే ముందు యాంటీబయాటిక్, నీళ్లు బాగా తాగించడం. అప్పుడు సయలోగ్రామ్ (నాళంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) జోలికి పోవద్దు. మామూలు ఎక్స్‌రేలో కొన్ని రాళ్లు పడవు, నేనైతే నేరుగా అల్ట్రాసౌండ్‌కే పంపిస్తాను.

వచ్చే పాఠంలోగా ఏ జబ్బూ లేని 10 మందిని అడిగి, ఒప్పుకుంటే రెండు వైపులా తడమండి. మామూలు గ్రంథి ఎంత మెత్తగా ఉంటుందో వేలికి అలవాటు కావాలి. తర్వాత నాలుక మీద ఒక నిమ్మరసం చుక్క వేసి, బొడిపెని గాజుగుడ్డతో తుడిచి, లాలాజలం ఊరడం చూసి, ఏ వైపు ఎంతసేపటికి వచ్చిందో రాసి పంపండి.