పద్యనాటకంలో వేషం కట్టాలనుకునే అమ్మాయిలకు

సంగీతం వచ్చు కదా, చంద్రమతి వేషం ఇచ్చేస్తారనుకుని చాలామంది అమ్మాయిలు వస్తుంటారు. గొంతు బాగుంటే సంతోషమే. కానీ జనానికి ముందు అందాల్సింది మాట. అందుకే విశాఖలో నన్ను ఎవరు అడిగినా ముందు పద్యం చదవడం నేర్చుకోమంటాను. పాడటం ఆ తర్వాత.

మొదట ఒక్క వేషం పట్టుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో చంద్రమతి అయితే మేలు. అది వచ్చాక తులాభారంలో సత్యభామ, గయోపాఖ్యానంలో సుభద్ర చూసుకోవచ్చు. పద్యాలు నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే నోటికి రావు. ఎవరు ఎవరితో అంటున్నారు, క్రియ ఎక్కడుంది అని అన్వయం చూసుకుని, ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర యతి పడుతుంది. అలవాటుగా అక్కడ ఆగిపోతారు చాలామంది. సమాసం మధ్యలో యతి పడిందంటే మాట రెండు ముక్కలైపోతుంది. అర్థం తెగినచోటే ఆగండి. మాట తర్వాతి పాదంలోకి సాగుతుంటే పాదం చివర కూడా ఆగక్కర్లేదు. ఇలా ఇంట్లో అమ్మకి మామూలు మాటలా చెప్పి చూడండి. ఆవిడకు అర్థమైతే అప్పుడు హార్మోనియం దగ్గర కూర్చోండి.

మీ శ్రుతి, అంటే మీ గొంతుకు సరిపడే స్థాయి, హార్మోనియం మీద ఎంతో మీకు తెలిసి ఉండాలి. ఐదైతే ఐదు, ఐదున్నరైతే ఐదున్నర. హరిశ్చంద్రుడి శ్రుతిలోనే మీరూ పాడేయండి అంటే ఒప్పుకోకండి. ముందే చెబితే హార్మోనిస్టు మీ పద్యానికి శ్రుతి మార్చుకుంటారు. పద్యానికి ముందు వచ్చే వచనంలో చివరి మాటే ఆయనకు గుర్తు, దాన్ని మాత్రం మార్చి చెప్పకూడదు. పద్యం చివర రాగం తీయడం అందమే గానీ, వన్స్‌మోర్ కోసం సాగదీయడం నాకు నచ్చదు. కాటి సీనులో వన్స్‌మోర్ అన్నా నేను మళ్లీ పాడను. కొడుకు శవం ముందున్న తల్లి ఏడుపును రెండోసారి ఎలా పాడతాం?

ఆ కాటి సీను గురించి కాస్త వివరంగా చెబుతాను. లోహితుడి వేషం వేసే పిల్లాడు ఎనిమిది, తొమ్మిదేళ్లవాడు ఉంటాడు. రిహార్సల్లో ఖాళీ చేతులతో పాడి, స్టేజీ మీద వాణ్ని ఎత్తుకుంటే ఊపిరి అందదు. మొదటి రోజు నుంచీ ఎత్తుకునే పాడండి. ఎడమ భుజాన వేసుకుంటే కుడిచెయ్యి అభినయానికి ఉంటుంది. దించేటప్పుడు ముందు ఒక మోకాలు నేలకు ఆనించి, తల కింద చెయ్యి పెట్టి మెల్లగా పడుకోబెట్టాలి. లైట్లకు పిల్లాడు కళ్లు ఆర్పుతాడు కాబట్టి మీ నీడ వాడి ముఖం మీద పడేలా కూర్చోండి. పూర్తిగా ఒంగిపోతే పొట్ట నొక్కుకుపోయి గొంతు రాదు. నడుం నిటారుగా ఉంచి తల మాత్రమే వంచండి.

ఇక మంగళసూత్రం. భర్తకు తప్ప ఇంకెవరికీ కనిపించని సూత్రం అది. కాటికాపరి దాన్ని అమ్మి సుంకం కట్టమనగానే ఎదురుగా ఉన్నది ఎవరో చంద్రమతికి తెలిసిపోతుంది. వెంటనే ఏడ్చేయకండి. ముందు చెయ్యి సూత్రం మీదికి వెళ్లాలి. అక్కడ ఆగాలి. అప్పుడు తలెత్తి అతన్ని చూడాలి. ఈ వరస సరిగ్గా పడిన రోజు ముందు వరసలో వాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకోవడం స్టేజీ మీద నుంచే కనిపిస్తుంది.

1885లో మొదలైన సురభి నాటక సమాజం కుటుంబాల్లో ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. మిగతాచోట్ల చాలాకాలం మగవాళ్లే. 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారికి పేరు తెచ్చినవి సత్యభామలాంటి ఆడవేషాలే. ఆయన పాత రికార్డులు దొరికితే వినండి, మాట విరుపు తెలుస్తుంది.

చదువుగా నేర్చుకోవాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం ఉంది. కె.వి. గోపాలస్వామి గారు రిజిస్ట్రార్‌గా ఉన్న రోజుల నుంచీ ఆ క్యాంపస్‌లో నాటకానికి ఆదరణ ఉంది. పద్యం మాత్రం నాటక సమాజాల్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. కళాభారతిలోనో, గురజాడ కళాక్షేత్రంలోనో నాటకం పడితే వెళ్లి, అయ్యాక లోపలికెళ్లి పరిచయం చేసుకోండి. మొహమాటం వద్దు. మన ఊరి ఉక్కపోతకు మేకప్ కారిపోతుంది కాబట్టి ముఖానికి ఐసు రుద్ది, తడి ఆరాక ప్యాన్‌కేక్ పలచగా వేసుకోండి.

ఆడవేషాలకు మనుషులు తక్కువ, అందుకని ఒకే నటి నాలుగైదు సమాజాలకు వెళ్తుంటుంది. చాలాసార్లు ఒంటరిగానే వెళ్లాలి. ఒక ఊళ్లో పందిరి వెనక చీర అడ్డం కట్టి, ఇదే మీ గది అన్నారు నాతో. ఎంత బాధేసిందో! అప్పటినుంచి తలుపు, గడియ ఉన్న గది, తిరిగి రావడానికి బండి, ఈ రెండూ ఒప్పుకున్నాకే బయానా తీసుకుంటున్నాను. మీరూ మొదటి నాటకం నుంచే అడగండి. బయానా పోగా మిగిలిన డబ్బు కాటి సీను మొదలుకాకముందే చేతికి రావాలి. తెల్లవారుజామున నాటకం అయ్యేసరికి కమిటీ వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.