నేలవేము ఆకు నుంచి ఆండ్రోగ్రాఫోలైడ్ తీయడం

మొక్కల్లోని రసాయనాలను వేరుచేయడం నేర్చుకునేవాళ్లకు నేను మొదట నేలవేమే చేతికిస్తాను. దాని చేదుకు ముఖ్యకారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకులో దండిగా ఉంటుంది, కాలమ్ (సిలికా నింపిన గొట్టం గుండా పోసి వేరుచేసే పద్ధతి) వేయకపోయినా స్ఫటికాలుగా దిగుతుంది.

పూత మొదలయ్యే వేళ కోయండి. పూలున్న ఒక కొమ్మను హెర్బేరియం షీటు (ఎండిన మొక్కల నమూనాలు దాచే కాగితం) మీద అతికించి, మొక్కలు తెలిసినవాళ్లతో పేరు ఖాయం చేయించుకోండి. దీన్ని తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. మొక్క తప్పైతే పనంతా వృథా. ఆకును నీడన ఆరబెట్టి, బరకగా పొడి చేయండి. మరీ మెత్తనైతే వడపోత ముందుకు సాగదు.

100 గ్రాముల పొడికి అరలీటరు మెథనాల్ పోసి, మూతపెట్టి రాత్రంతా నానబెట్టి వడకట్టండి. ఇలా మూడుసార్లు. మెథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది కూడా. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, దగ్గర్లో మంట వద్దు.

వచ్చిన ముదురాకుపచ్చ ద్రవంలో కొద్దిగా యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపి వడకడితే పత్రహరితం చాలావరకు పోతుంది. చార్‌కోల్ ఎక్కువైతే మనకు కావాల్సిందీ దానికే అంటుకుపోతుంది. తర్వాత రోటరీ ఎవాపరేటర్‌లో (తక్కువ పీడనంలో ద్రావణిని ఆవిరిచేసే పరికరం) మెథనాల్‌ను తీసేయండి. దాని వాటర్ బాత్ 45 డిగ్రీలు దాటనివ్వకండి. మిగిలిన ముద్దను టోలీన్‌తో కడిగితే జిడ్డు, పచ్చదనం అందులోకి దిగిపోతాయి. ఆండ్రోగ్రాఫోలైడ్ దాదాపు కరగదు.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇక్కడే. ఆ ముద్దను వీలైనంత తక్కువ వేడి మెథనాల్‌లో కరిగించి, వెంటనే వడకట్టి, కదపకుండా చల్లారనివ్వండి. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. ఏమీ రాకపోతే ఫ్లాస్కు లోపలి గోడను గాజుకడ్డీతో గీరండి. గీత వెంబడే సన్నటి మెరుపులు పుట్టి, పలకల్లా పెరుగుతాయి. పసుపు ఛాయ పోయేదాకా మళ్లీ స్ఫటికీకరించండి.

ఇక గుర్తింపు. సిలికా ప్లేటు మీద స్టాండర్డ్ (శుద్ధమైన ఆండ్రోగ్రాఫోలైడ్) పక్కనే చుక్కపెట్టి, క్లోరోఫామ్, మెథనాల్ 9:1లో నడపండి. 254 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) కాంతిలో రెండూ ఒకే ఎత్తులో నల్లగా కనిపించాలి. కెడ్డే రియేజెంట్ చల్లితే ఊదా ఛాయ వస్తుంది, అది లాక్టోన్ (ఈ అణువులోని వలయాకార ఎస్టర్ భాగం) ఆనవాలు. అంతటితో తేలిపోయిందనుకోకండి. ద్రావణి మార్చి మళ్లీ నడపండి. ద్రవీభవన స్థానం 230 డిగ్రీల దగ్గర ఉండాలి. అణుభారం 350, కాబట్టి మాస్ స్పెక్ట్రమ్‌లో (అణువుల బరువు చూపే పరీక్ష) సోడియంతో కలిసి 373 దగ్గర శిఖరం వెతకండి.

యూవీ శోషణ 225 నానోమీటర్ల చుట్టుపక్కల గరిష్ఠంగా ఉండాలి. 250 దగ్గరుంటే, మీ పదార్థం ఒక నీటి అణువును పోగొట్టుకుని డైడీహైడ్రో రూపంలోకి మారిందేమో అనుమానించండి. వేడి ఎక్కువైందా, ఆకు ఎక్కువకాలం నిల్వ ఉందా చూసుకుని, కొత్త ఆకుతో మళ్లీ మొదలుపెట్టండి.