కాంబో డెక్ ఎక్కడ ఆగిపోతోంది? సమస్య – పరిష్కారం

మ్యాజిక్: ది గ్యాదరింగ్ లాంటి కార్డుల ఆటల్లో, కొన్ని కార్డులు కలిస్తే అక్కడికక్కడే గెలిచేలా కట్టిన కట్టే కాంబో డెక్. అది కట్టిన ప్రతివాళ్ల దగ్గరా వినిపించే మాట ఇది: "ఒక్కణ్నే కూర్చుని ఆడుకుంటే నాలుగో టర్న్‌కి అయిపోతోంది, ఎదురుగా మనిషి కూర్చుంటే మాత్రం అస్సలు నడవట్లేదు." వెంటనే చేసే పని కూడా అందరిదీ ఒకటే. ఇంకో నాలుగు కొత్త కార్డులు తెచ్చి పెడతారు. జబ్బేంటో తెలియకుండా మందు మార్చడం అన్నమాట.

అందుకే కార్డులు ముట్టుకునే ముందు ఒక పని చేయండి. ఓడిన ప్రతి గేమ్ అయ్యాక రెండు సంగతులు రాసుకోండి: ఎన్నో టర్న్‌లో ఓడారు, అప్పటికి చేతిలో ఏమేం మిగిలాయి. పది గేమ్‌లు రాస్తే చాలు, డెక్ ఎక్కడ ఆగుతోందో అదే చెబుతుంది. చేతిలో ఒకే ముక్క (కాంబోకి కావలసిన కార్డు) నాలుగు కాపీలుంటే అది ఒక జబ్బు. ముక్కలన్నీ ఉండి మనా (కార్డులు వేయడానికి కట్టే ఖరీదు) లేకపోతే ఇంకొకటి. రెండూ టేబుల్ మీదికి వచ్చి కూడా ఓడితే పూర్తిగా వేరే సంగతి.

నేను ఎక్కువగా ఆడేది మ్యాజిక్: ది గ్యాదరింగ్ కాబట్టి ఉదాహరణలన్నీ అందులోంచే. లెక్కలు 60 కార్డుల డెక్‌కి, ఒక్కో కార్డు గరిష్ఠంగా నాలుగు కాపీలు అనే నియమానికి వర్తిస్తాయి. వేరే ఆటైతే అంకెలు మారతాయి, జబ్బులు మాత్రం ఇవే.

సమస్య: ఒక ముక్క వస్తుంది, రెండోది రాదు

కారణం దురదృష్టం కాదు, లెక్క. నాలుగు కాపీలున్న కార్డు మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం దాదాపు 40%. రెండు ముక్కలూ నాలుగేసి పెడితే, రెండూ కలిసి మొదటి చేతిలోనే ఉండే అవకాశం 14.5% మాత్రమే. సరే, నాలుగో టర్న్ దాకా ఆగుదాం. రెండోగా ఆడుతున్నవాళ్లు అప్పటికి 11 కార్డులు చూస్తారు. అయినా రెండూ చేతిలో ఉండే అవకాశం 31% దగ్గరే ఆగుతుంది. అంటే మూడు గేమ్‌లలో రెండుసార్లు డెక్ అనుకున్న పని అనుకున్న టైంకి చేయదు. మూడు ముక్కల కాంబో అయితే, ఒక్కోటి నాలుగు కాపీలు పెట్టినా అది 16%. అందుకే మూడు ముక్కల కాంబో ఎంత ముచ్చటగా ఉన్నా, వెతికిపెట్టే కార్డులు దండిగా లేకపోతే నేను దాని జోలికి వెళ్లను.

పరిష్కారం: ముక్కకి జంట వెతకాలి. స్ప్లింటర్ ట్విన్ డెక్ చూడండి. ట్విన్ అనే ఆరాని (జీవికి అతికించే కార్డు) డిసీవర్ ఎగ్జార్క్ అనే జీవి మీద వేస్తే, ఎగ్జార్క్‌ని ట్యాప్ చేసి (వాడినట్టు పక్కకి తిప్పి) దాని నకలు తెస్తారు. వచ్చిన నకలు అసలుదాన్ని అన్‌ట్యాప్ చేస్తుంది. మళ్లీ ట్యాప్, మళ్లీ నకలు. ఎన్ని కావాలంటే అన్ని. ఇదే పని పెస్టర్‌మైట్ కూడా చేస్తుంది. కాబట్టి ఎగ్జార్క్‌లు నాలుగు, పెస్టర్‌మైట్‌లు నాలుగు పెడితే ఒక వైపు ఎనిమిది కాపీలున్నట్టే. పైన చెప్పిన 31% దీంతో 45% దాటుతుంది. రెండో వైపు కూడా ఎలాగోలా ఎనిమిది చేయగలిగితే 67% అవుతుంది. ఒక వైపు మాత్రమే పెంచి ఆగిపోతే సగం లాభమే.

అయితే జంట కార్డు అచ్చం ఒకేలా ఉండదని మర్చిపోవద్దు. ఎగ్జార్క్ 1/4, పెస్టర్‌మైట్ 2/1 (మొదటి అంకె కొట్టే బలం, రెండోది ఎంత డ్యామేజ్‌కి చస్తుందో). మూడు డ్యామేజ్ చేసే లైట్నింగ్ బోల్ట్ తగిలితే ఎగ్జార్క్ బతుకుతుంది, పెస్టర్‌మైట్ పోతుంది. పెస్టర్‌మైట్ ఎగురుతుంది కాబట్టి కాంబో రాని రోజున రెండేసి చొప్పున కొట్టి గెలిపిస్తుంది కూడా. ఏది ఎన్ని పెట్టాలో ఎదురయ్యే డెక్‌లని బట్టి తేల్చుకోవాలి.

ఇక ట్యూటర్లు, అంటే డెక్‌లోంచి కావలసిన కార్డు వెతికిచ్చేవి. ఇవి రెండు వైపులకీ కాపీలే, కాకపోతే ఊరికే రావు. రెండు మనా ట్యూటర్ పెట్టి నాలుగో టర్న్ కాంబో అన్నారంటే అది నిజానికి ఐదో టర్న్ కాంబో. లెక్క వేసేటప్పుడు ట్యూటర్ ఖరీదు కూడా కాంబో ఖరీదులో కలపండి.

సమస్య: చేతి నిండా ముగింపు కార్డులే

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది ఈ చేయి. స్టార్మ్ డెక్‌లలో బాగా కనిపిస్తుంది. వాటిలో ఆ టర్న్‌లో ముందు ఎన్ని స్పెల్స్ పడితే ముగింపు కార్డుకి అన్ని అదనపు కాపీలు వస్తాయి. టెండ్రిల్స్ ఆఫ్ అగొని ఒక్కో కాపీకి రెండు లైఫ్ తీస్తుంది. 20 లైఫ్ తీయాలంటే పది కాపీలు కావాలి, అంటే అదే టర్న్‌లో దానికి ముందు తొమ్మిది స్పెల్స్ పడాలి. ఇలాంటి కార్డు మొదటి చేతిలో రెండుంటే మీరు ఐదు కార్డులతో ఆడుతున్నట్టే. చివర్లో ఒక్కసారే అవసరమయ్యే కార్డుని నాలుగు పెట్టకండి. ఒకటో రెండో పెట్టి, మిగతా చోటు ట్యూటర్లకి ఇవ్వండి.

దీనికి అనుబంధంగా మల్లిగన్ మాట, అంటే నచ్చని మొదటి చేతిని వెనక్కిచ్చి కొత్తది తీసుకోవడం. 2019 నుంచి ఉన్న లండన్ మల్లిగన్‌లో ప్రతిసారీ ఏడు కార్డులూ తీసుకుని, ఎన్నిసార్లు మల్లిగన్ చేశారో అన్ని కార్డులు డెక్ అడుగున పెడతారు. ఏడు చూసి ఆరు ఎంచుకోవడం కాంబో డెక్‌కి వరం లాంటిది. అయినా చాలామంది ఏ పనీ చేయని ఏడు కార్డుల చేతిని "చూద్దాంలే" అని ఉంచేసుకుంటారు. ఆ చేయి మూడో టర్న్‌కి ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే పంపించేయండి.

సమస్య: కాంబో మొదలుపెడతాను, ఎదుటివాళ్లు ఒక్క కార్డుతో తెగ్గొడతారు

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఎక్కువ నేర్చుకునేదీ ఇక్కడే. కారణాలు రెండు: కాపలా కార్డులు లేకపోవడం, ఉన్నా టైమింగ్ తప్పడం. రెండోదే ఎక్కువ.

నాలుగు మనా రాగానే ఎగ్జార్క్ మీద ట్విన్ వేశారనుకోండి. ట్విన్ ఇంకా స్టాక్ మీద ఉండగానే, అంటే అది అమలు కాకముందే, ఎదుటివాళ్లు ఎగ్జార్క్‌ని చంపేస్తారు. అతుక్కోవడానికి జీవి లేదు కాబట్టి ట్విన్ నేరుగా గ్రేవ్‌యార్డ్‌కే (వాడేసిన కార్డుల కుప్ప). వాళ్లది ఒక కార్డు, మీవి రెండు, పైగా మీ టర్న్ మొత్తం పోయింది.

ఇదే చేతిని ఇంకోలా ఆడండి. ఎగ్జార్క్‌కి ఫ్లాష్ ఉంది, అంటే ఎదుటివాళ్ల టర్న్‌లో కూడా వేయొచ్చు. వాళ్ల టర్న్ చివర్లో, ఎండ్ స్టెప్‌లో వేయండి. అది వస్తూనే ఎదుటివాళ్ల పర్మనెంట్ (టేబుల్ మీద ఉండే కార్డు) ఒకదాన్ని ట్యాప్ చేయగలదు. వాళ్ల ల్యాండ్ (మనా ఇచ్చే కార్డు) ఒకటి ట్యాప్ చేయండి. ఆ ల్యాండ్ మళ్లీ లేచేది వాళ్ల తర్వాతి టర్న్‌లోనే, ఈలోగా వచ్చేది మీ టర్న్. అప్పుడు ట్విన్ వేస్తే వాళ్ల దగ్గర ఒక మనా తక్కువ. ఒకవేళ ఎగ్జార్క్‌నే ఆపాలని కౌంటర్‌స్పెల్ (వేసిన స్పెల్‌ని రద్దు చేసే కార్డు) ఖర్చుపెట్టారా, అదీ మంచిదే. వాళ్ల దగ్గర ఆపే కార్డు ఒకటి తగ్గినట్టే, మీ దగ్గర ఇంకో ఎగ్జార్క్ ఉంటే తర్వాత మళ్లీ ప్రయత్నించొచ్చు.

ఇప్పుడు కాపలా. చేతిలోంచి కార్డు తీయించేవి, కౌంటర్ చేసేవి అని స్థూలంగా రెండు రకాలు. థాట్‌సీజ్ లాంటిది ఒక్క మనాకే ఎదుటి చేయి మొత్తం చూపిస్తుంది. ఆపే కార్డుని తీసేయడం ఒక లాభమైతే, దారి ఖాళీగా ఉందో లేదో తెలియడం అంతకన్నా పెద్ద లాభం. కాకపోతే తర్వాత పైనుంచి తీసిన కార్డుని అది ఆపలేదు. కౌంటర్ చేసే ప్యాక్ట్ ఆఫ్ నెగేషన్ సంగతి చిత్రంగా ఉంటుంది. ఇప్పుడు సున్నా మనా, మీ తర్వాతి అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో) ఐదు మనా కట్టాలి, కట్టలేకపోతే గేమ్ ఓడినట్టే. ఈ టర్న్‌లోనే గెలిచే డెక్‌కి ఆ అప్పు తీర్చే రోజే రాదు. కాంబో ఒకే టర్న్‌లో ముగియని డెక్‌లో దాన్ని పెట్టడం మాత్రం మెడకి ఉరి తగిలించుకోవడమే.

ఎన్ని పెట్టాలి? ఆరు నుంచి ఎనిమిది మధ్య మొదలుపెట్టమంటాను. పన్నెండు పెట్టినవాళ్లని చూశాను. వాళ్ల చేతినిండా కాపలావాళ్లే, కాపాడడానికి ఇంట్లో ఏమీ ఉండదు.

రెండో గేమ్‌లో సైడ్‌బోర్డ్ (గేమ్‌ల మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే కార్డులు) నుంచి వచ్చేవి ఇంకో రకం. గ్రేవ్‌యార్డ్ మీద ఆధారపడే డెక్ అయితే మీ గ్రేవ్‌యార్డ్‌లోకి కార్డులు చేరనివ్వని లేలైన్ ఆఫ్ ది వాయిడ్ ఎదురవుతుంది. మొదటి చేతిలో ఉంటే ఒక్క మనా కూడా కట్టకుండా గేమ్ మొదట్లోనే టేబుల్ మీద ఉంటుంది. దాన్ని తీసేసే కార్డులు మూడో నాలుగో మీ సైడ్‌బోర్డ్‌లో ఉండాలి, లేదా గ్రేవ్‌యార్డ్ అక్కర్లేని రెండో దారి ఉండాలి. భయపడి పది కార్డులు మార్చేస్తే మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది డెక్. అది వాళ్లనీ ఆపదు, మీ కాంబోనీ చేయదు.

సమస్య: కాగితం మీద నడుస్తుంది, టేబుల్ మీద నడవదు

కార్డు మీద ఖరీదు ఏది, ఫలితం ఏది అన్నది వేరు చేసి చదవకపోవడమే ఇక్కడ కారణం. ఈ గోతిలో నేనూ పడ్డాను. హీలియడ్, సన్-క్రౌన్డ్ అనే కార్డు ఉంటే మీకు లైఫ్ వచ్చినప్పుడల్లా మీ జీవి ఒకదాని మీద +1/+1 కౌంటర్ (రెండు అంకెల్నీ ఒకటి పెంచే గుర్తు) పడుతుంది. రెండు మనా కడితే ఇంకో జీవికి లైఫ్‌లింక్ (అది చేసిన డ్యామేజ్ అంత లైఫ్ మీకు రావడం) ఇస్తుంది. వాకింగ్ బలిస్టా తన మీది కౌంటర్ ఒకటి తీసి ఒక డ్యామేజ్ చేస్తుంది. లైఫ్‌లింక్‌తో ఒక లైఫ్, దాంతో మళ్లీ కౌంటర్, మళ్లీ డ్యామేజ్. అంతులేని చక్రం.

నేను బలిస్టాని ఒక్క కౌంటర్‌తో దింపి గెలిచాననుకున్నాను. కౌంటర్ తీయడం ఖరీదు, అది ముందే కట్టాలి. తీయగానే బలిస్టా 0/0. డ్యామేజ్ జరిగేదాకా కూడా ఆగకుండా అది చచ్చిపోయింది, కొత్త కౌంటర్ పడడానికి మనిషే లేడు. రెండు కౌంటర్లుంటే ఒకటి తీసినా ఇంకోటి దాన్ని బతికిస్తుంది. కాబట్టి బలిస్టాకి నాలుగు మనా, లైఫ్‌లింక్‌కి రెండు: హీలియడ్ ముందే దిగి ఉన్నా ఆ టర్న్‌లో ఆరు మనా కావాలి. డెక్ కట్టేటప్పుడు నేను వేసుకున్న లెక్క నాలుగు.

పరిష్కారం: కాంబోలో ప్రతి అడుగునీ కాగితం మీద విడివిడిగా రాయండి. ఖరీదు, ఫలితం, ఆ క్షణంలో జీవి బలం ఎంత, అది ఈ టర్న్‌లోనే వచ్చిందా. చివరిది చాలామంది వదిలేస్తారు. మనా కోసం ట్యాప్ చేయాల్సిన జీవి, హేస్ట్ లేకపోతే వచ్చిన టర్న్‌లో పని చేయదు.

సమస్య: కాంబో అయింది, గేమ్ గెలవలేదు

డివోటెడ్ డ్రూయిడ్, విజియర్ ఆఫ్ రెమెడీస్ కలిస్తే అంతులేని పచ్చ మనా వస్తుంది. వచ్చింది, దాన్ని ఎక్కడ పోస్తారు? మనా పోసే చోటు కూడా కాంబోలో ముక్కే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఇది మూడు ముక్కల కాంబో, రెండు కాదు. వాకింగ్ బలిస్టాకి ఏ రంగు మనా అయినా సరిపోతుంది కాబట్టి ఇక్కడ చక్కగా కుదురుతుంది.

ఇంకో చిక్కు: ఆపడం ఎవరి చేతిలోనూ లేని చక్రం తిరగడం మొదలైతే గేమ్ డ్రా. ఆపగలిగే చక్రమైతే ఎన్నిసార్లు తిప్పుతారో అంకె చెప్పాలి. "అనంతం" అంటే కుదరదు, "పది లక్షలు" అంటే కుదురుతుంది.

సమస్య: టైం అయిపోతోంది

చాలా టోర్నమెంట్లలో రౌండ్ 50 నిమిషాలు. 2013లో సెకండ్ సన్‌రైజ్ అనే కార్డుని మోడర్న్ అనే టోర్నమెంట్ ఫార్మాట్‌లో నిషేధించింది కూడా దాంతో కట్టిన డెక్ టర్న్‌లు అంతూపొంతూ లేకుండా సాగడం వల్లే. ఇంట్లో గడియారం పెట్టుకుని కాంబో టర్న్ ఆడి చూడండి. ఐదు నిమిషాలు దాటితే చేయి ఇంకా తిరగలేదన్నమాట.

సమస్య: ఎన్ని మార్చినా తేడా తెలియట్లేదు

ఒకేసారి చాలా మారిస్తే ఏది పని చేసిందో ఎలా తెలుస్తుంది? ఒక రాత్రి కూర్చుని తొమ్మిది కార్డులు మార్చాను, మర్నాడు మూడు గేమ్‌లు వరసగా గెలిచాను, ఆ తర్వాత ఆరు ఓడాను. గెలుపు దేనివల్లో తెలియదు, ఓటమి దేనివల్లో తెలియదు. ఇప్పుడు రెండు కార్డులకి మించి మార్చను. తీసిన కార్డులు డెక్ బాక్స్‌లోనే వెనకాల పెడతాను. పది గేమ్‌లు ఆడి, రాసుకున్న కాగితం చూశాకే మూడో కార్డు మీద చేయి వేస్తాను.