క్యామ్‌లు కొనేముందు రాయి సంగతి తెలుసుకోండి

ట్రాడ్ క్లైంబింగ్‌లో, అంటే రక్షణ సామాను మనమే పెట్టుకుంటూ కొండరాయి ఎక్కడంలో, చాలాచోట్ల రాతికి ముందే బిగించిన బోల్టులు ఉండవు. జారితే మనల్ని ఆపేది చీలికలో మనం పెట్టుకున్న సామానే: స్ప్రింగుతో విచ్చుకునే రెక్కలున్న క్యామ్‌లు, చీలికలో ఇరికించే లోహపు ముక్కలైన నట్లు. అందుకే షాపువాళ్లు చెప్పిన సెట్ కొనేసి బయల్దేరకండి.

అమెరికాలో యూటాలోని ఇండియన్ క్రీక్‌నే తీసుకోండి. అక్కడి ఇసుకరాయి చీలికలు చాలావరకు కింది నుంచి పైదాకా ఒకే వెడల్పులో ఉంటాయి. నట్ పట్టు దొరకాలంటే చీలిక కిందికి వచ్చేకొద్దీ సన్నబడాలి. అది అక్కడ అరుదు కాబట్టి క్యామ్‌లే దిక్కు, అదీ ఒకే సైజువి ఐదారు కావాల్సి రావచ్చు. అన్నీ కొనక్కర్లేదు, జట్టులో అందరివీ కలుపుకోండి. బ్లాక్ డైమండ్ కంపెనీ కామలాట్ క్యామ్‌లలో సైజు 1 ఎరుపు, 2 పసుపు, 3 నీలం. వైల్డ్ కంట్రీ కంపెనీ 'ఫ్రెండ్స్' క్యామ్‌లలోనూ ఇవే రంగులు, కాబట్టి కలిపి వాడినా తికమక ఉండదు.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ గ్రానైట్‌కి వెళ్తే లెక్క మారుతుంది. పాతరోజుల్లో పిటాన్లు (చీలికలో సుత్తితో దిగ్గొట్టే ఇనుప మేకులు) కొట్టి పీకిన గుంటలు లోపల ఏటవాలుగా ఉంటాయి, వాటిలో ఆఫ్‌సెట్ (ఒక పక్క పెద్దగా, ఇంకో పక్క చిన్నగా ఉండే) నట్లు, క్యామ్‌లు బాగా కూర్చుంటాయి.

పెట్టేటప్పుడు క్యామ్ రెక్కలు సగానికి పైగా ముడుచుకున్నాయో లేదో చూడండి. బాగా విచ్చుకుని ఉంటే కొంచెం కదిలినా ఊడొస్తుంది, పూర్తిగా ముడిస్తే ఇరుక్కుపోతుంది.

ఇంకోమాట: వాన పడ్డాక తడి ఇసుకరాయి ఎక్కొద్దు. రాయి మెత్తబడి, దాని అంచు విరిగి ఎంత మంచి క్యామ్ అయినా బయటికి రావచ్చు. ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి.