తోటలున్న బోర్డుని ఇంట్ల కూసోని సీరియల్ వైరుతోని డీబగ్ చేసుడెట్ల

మా పెదనాయన బత్తాయి తోట కొండమల్లేపల్లి దాటినంక లోపటికి ఉంటది, నేనుండేది నల్లగొండ టౌన్ల, బండి మీద పోయి రావాల్నంటే సగం దినం రోడ్డు మీదనే ఐపోతది. ఆ తోటల బోరు మోటరుకి నేనే చేసిన ఒక కంట్రోలర్ బోర్డు ఉన్నది, ఈఎస్‌పీ32 మాడ్యూల్ (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ చిప్పు) మీద, మూడు ఫేజులు ఉన్నయా లేవా చూస్తది, మోటరు ఎన్ని ఆంప్స్ గుంజుతుందో చూస్తది, నీళ్లు ఎల్లకుంటే బంద్ చేస్తది. ఇంట్ల టేబుల్ మీద వారం దినాలు ఏ లొల్లి లేకుండ నడిసింది, తోటల పెట్టిన మూడో నాడే అటకాయించింది. ఫోన్ చేసి అడిగితే "లైటైతే ఎలుగుతుందిరా, ఏం పని చేస్తలేదు" అంటడు పెదనాయన, ఆ ముక్కతోని బగ్ ఏడ దొరుకుతది. అందుకే బోర్డు పక్కన ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతంత లైనక్స్ కంప్యూటర్, ఇగ ముందట "పై" అంటే ఇదే) పెట్టి, సీరియల్ లైన్ (బోర్డు తన సంగతి అక్షరాలల్ల పంపే వైరు) ఇంటికాడికెల్లి చూసుకునేటట్టు చేసుకున్న, అట్ల చేయబోయి నేనే ఇంకో కొత్త రోగం అంటించిన, అదిగూడ చెప్తా.

ముందు వైర్లు. టీఎక్స్ అంటే పంపే పిన్ను, ఆర్ఎక్స్ అంటే అందుకునే పిన్ను, అడాప్టర్ అంటే సీరియల్ వైర్లని యూఎస్‌బీకి కలిపే ముక్క. సీరియల్ అంటే మూడు వైర్లే, బోర్డు టీఎక్స్ పోయి అడాప్టర్ ఆర్ఎక్స్‌కి, బోర్డు ఆర్ఎక్స్ వచ్చి అడాప్టర్ టీఎక్స్‌కి, గ్రౌండుకు గ్రౌండు. అడాప్టర్ మీద 3.3 వోల్టులదో 5 వోల్టులదో ఇంకో పిన్ను ఉంటది, దాన్ని ముట్టొద్దు, బోర్డుకి దాని కరెంటు దానికే ఉన్నది. వైరు పెట్టే ముందు మల్టీమీటర్ తీసి టీఎక్స్ పిన్ను చూడాలె, ఏం మాట్లాడనప్పుడు 3.3 చూపెడితే మనదే, మైనస్ ఐదో మైనస్ పదో చూపెడితే అది ఆర్ఎస్232 (ఎక్కువ వోల్టేజీ మీద నడిచే పాత రకం సీరియల్), ఎంబడే చెయ్యి వెనక్కి తీసుకో, దాన్ని నేరుగ కలిపితే చిప్పు పోతది. పాత మీటర్లు, ఇన్వర్టర్లు, పీఎల్సీలు (ఫ్యాక్టరీ కంట్రోలర్లు) ఉన్నకాడ ఇది మస్తు మంది చేసే తప్పు. అడాప్టర్ మీద డౌటుంటే దాని టీఎక్స్, ఆర్ఎక్స్ రెండిటిని ఒక వైరు ముక్కతోని కలిపి టైప్ చేసి చూడు, కొట్టిన అక్షరం వాపసొస్తే అడాప్టర్ మంచిగున్నట్టే.

అడాప్టర్ మీద డీటీఆర్, ఆర్టీఎస్ అని ఇంకో రెండు లైన్లుంటయి, వాటిని తోటల అస్సలు కలపొద్దు. డెవ్‌బోర్డులల్ల (టెస్టింగ్‌కి కొనే తయారు బోర్డులు) ఈ రెండు లైన్లే రీసెట్‌కి, బూట్ పిన్నుకి పోతయి, లైనక్సేమో పోర్టు తెరవంగనే రెండిటినీ లేపుతది, చాలా బోర్డులు ఆ దెబ్బకే రీసెట్ అయితయి. టేబుల్ మీద అది సుఖమే, బటన్ నొక్కే పని తప్పుతది. కానీ తోటల బోర్డు మూడు దినాల నుంచి నడుస్తూ నడుస్తూ అటకాయించింది, నువ్వు ఏమైందో చూద్దామని పోర్టు తెరిసినవ్, తెరవంగనే బోర్డు రీసెట్ అయ్యి మళ్ల మంచిగ నడుస్తది, ఇగ సాక్ష్యం ఏడున్నది? నాకు ఇట్ల రెండు సార్లు అయినంక దిమాకు తిరిగింది. మూడు వైర్లే ఉంటే ఎన్నిసార్లు తెరిసినా మూసినా బోర్డుకి తెల్వనే తెల్వదు.

వైరు పొడుగు సంగతి గూడ చూసుకోవాలె. స్టార్టర్ డబ్బల కాంటాక్టర్ పడ్డప్పుడల్లా కాయిల్‌కెల్లి నాయిస్ వస్తది, 3.3 వోల్టుల లైను ఒక మీటరు కంటే ఎక్కువ గుంజితే ఆ టైముల చెత్త అక్షరాలే కనపడ్తయి. నేను పైని ఆ డబ్బ పక్కనే ఇంకో డబ్బల పెట్టిన. పైని ఇంటికాడ పెట్టి బోరు దాక లైను గుంజుతా అంటే ఆర్ఎస్485 (దూరం పోయే సీరియల్ రకం) వాడు, అది 1200 మీటర్ల దాక పోతది, బాడ్ రేటు (సెకనుకు పోయే బిట్లు) 9600 పెట్టుకుంటే బేఫికర్. చిప్పు మాత్రం మ్యాక్స్3485 తీసుకో, బజార్ల సస్తగ దొరికే మ్యాక్స్485 ఐదు వోల్టులది, ఈఎస్‌పీ32 పిన్ను అంత తట్టుకోదు.

ఇగ నేను అంటించిన రోగం. కరెంటు పోయినప్పుడు లాగ్ పోవద్దని పైకి ఒక బ్యాటరీ బ్యాకప్ పెట్టిన, బోర్డుకి పెట్టలే, మోటరే లేనప్పుడు బోర్డెందుకు అనుకున్న. అప్పటికెల్లి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు లేస్తలేదు. ముందు ఎన్నడు ఇట్ల లేదు. ప్రోగ్రామ్‌ల వెతికిన, పవర్ సప్లై మార్చిన, కెపాసిటర్ పెద్దది వేసిన, ఏం ఫాయిదా లేదు. ఆఖరికి తోటకి పోయి ఫ్యూజు గుంజి మీటర్ పెట్టి చూస్తే, కరెంటు లేని బోర్డు 3.3 రైలు (బోర్డు మొత్తానికి కరెంటిచ్చే 3.3 వోల్టుల లైను) మీద సున్నా ఉండాల్సిన కాడ ఒకటిన్నర వోల్టు దాక చూపెట్టింది. ఏడికెల్లొచ్చింది? అడాప్టర్‌కి కరెంటు ఉన్నది కాబట్టి దాని టీఎక్స్ ఎప్పుడూ 3.3 మీదనే నిలబడి ఉంటది, అది బోర్డు ఆర్ఎక్స్ పిన్నుల పడి, చిప్పు లోపట ఉండే రక్షణ డయోడుకెల్లి పైకెక్కి మొత్తం రైలుని సగం లేపి పెడ్తుంది. రైలు సున్నాకి దిగకుంటే రీసెట్ పిన్ను కాడి కెపాసిటర్ ఖాళీ కాదు, ఖాళీ కాకుంటే కరెంటు వచ్చినప్పుడు అసలు పవర్ ఆన్ రీసెట్టే పడది, చిప్పు సగం నిద్రల ఉండిపోతది. అంటే డీబగ్ కోసం పెట్టిన వైరే బోర్డుని ఆపుతుందన్నట్టు. దీనికి సస్త ఉపాయం ఆ లైన్ల 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసుడు, చానావరకు తగ్గుతది. నేను ఇగ నమ్మకం లేక ఏడీయూఎం1201 ఐసొలేటర్ (రెండు వైపుల కరెంటు కలవకుండ సిగ్నల్ మాత్రమే దాటించే చిప్పు) పెట్టిన, దాంట్ల ఒక లైను అటు ఒక లైను ఇటు పోతది, బోర్డు వైపు సగానికి బోర్డు కరెంటే ఇవ్వాలె, అప్పుడు బోర్డు పోతే అదిగూడ పోతది, దొంగ కరెంటు రాదు. గ్రౌండ్లు గూడ వేరువేరైతయి కాబట్టి మోటరు కాడి నాయిస్ పై దాక రాదు.

హార్డ్‌వేర్ అయినంక వినేటోన్ని పెట్టాలె. సమస్య వచ్చినంక పోర్టు తెరిసుడు కాదు, సమస్య రాకముందే తెరిసి ఉండాలె. పై మీద టీమక్స్ (మనం పోయినా ఆగని టెర్మినల్) సెషన్ ఒకటి పెట్టి దాంట్ల పికోకామ్ (సీరియల్ చదివే ప్రోగ్రామ్) 115200 బాడ్ మీద నడిపిస్తున్న, దానికి లాగ్‌ఫైల్ ఆప్షన్ ఉన్నది, వచ్చిన ప్రతి అక్షరం ఫైల్లకి పోతది. మన ఎస్‌ఎస్‌హెచ్ (దూరంకెల్లి లాగిన్ అయ్యే దారి) కట్ అయినా టీమక్స్ అట్లనే ఉంటది, తోటల సిగ్నల్ సంగతి తెలిసిందే కదా. పోర్టు పేరు టీటీవై యూఎస్‌బీ 0 అని రాయకు, రీబూట్ అయినంక 1 కావొచ్చు, డెవ్ కింద సీరియల్ ఫోల్డర్ల బై‌-ఐడీ అని ఉంటది, ఆ పేరు వాడు. సస్త సీపీ2102 అడాప్టర్లు చానావాటికి సీరియల్ నంబర్ 0001 అనే ఉంటది, రెండు పెడితే కలగాపులగం అయితది, అప్పుడు బై‌-పాత్ పేరు వాడుకోవాలె. ఇంట్ల ఉబుంటు ల్యాప్‌టాప్ మీద ట్రై చేసేటోళ్లకి ఇంకోటి, మోడెమ్‌మేనేజర్ అనేది కొత్త పోర్టు కనపడంగనే ఇదేమన్న మోడెమా అని ఏటీ కమాండ్లు కొట్టి చూస్తది, ఉబుంటు 22.04ల బీఆర్ఎల్‌టీటీవై (అంధులకి బ్రెయిల్‌ల చూపెట్టే ప్రోగ్రామ్) అనేది సీహెచ్340 అడాప్టర్లని గుంజుకుంటది, పోర్టు వచ్చి మాయమైతుందంటే గదే కారణం, అవసరం లేకుంటే రెండిటినీ తీసేయ్.

లాగ్ ఎంతైతది అని భయపడకు. 115200 అంటే ఒక అక్షరానికి స్టార్టు స్టాపు కలిపి పది బిట్లు, సెకనుకు 11,520 అక్షరాలు, ఆపకుండ దినమంతా వాగితే ఒక జీబీ దగ్గరికొస్తది, కానీ సెకనుకు ఒక 60 అక్షరాల లైను రాపిస్తే దినానికి 5 ఎంబీ అంతే. ప్రతి లైను ముందట బోర్డు లేసి ఎన్ని మిల్లీసెకన్లైందో రాపియ్, బూట్ కాంగనే ఫర్మ్‌వేర్ వర్షన్, రీసెట్ ఎందుకైందో ఆ కారణం రాపియ్. ఇంటరప్ట్ (నడుస్తున్న పని ఆపి ఎంబడే నడిచే కోడ్) లోపట మాత్రం ప్రింట్ పెట్టకు, అది పెడితే టైమింగ్ మారి ఉన్న బగ్ పోయి కొత్తది వస్తది.

బయటికెల్లి పైని పట్టుకునుడు ఎట్ల? తోటల సిమ్ డాంగులే దిక్కు, సిమ్ నెట్‌కి మనకంటూ సొంత పబ్లిక్ ఐపీ రాదు, బయటికెల్లి నేరుగ లోపటికి పోలేం. కాబట్టి పై బయటికొచ్చి మనల్ని పిలవాలె, అదే రివర్స్ ఎస్‌ఎస్‌హెచ్ టనెల్, ఏదన్న చిన్న సర్వర్ నెలకి కిరాయికి తీసుకుంటే చాలు, దాని 2222 పోర్టు కొడితే పై 22లకి పోయేటట్టు. ఆటోఎస్‌ఎస్‌హెచ్ (టనెల్ తెగితే మళ్ల కలిపే ప్రోగ్రామ్) పెట్టి, 30 సెకన్లకోసారి బతికున్నవా అని అడిగే సెట్టింగ్ పెట్టి, సిస్టమ్‌డీల (లైనక్స్‌ల సర్వీసులు నడిపేది) ఎప్పుడు పడిపోయినా మళ్ల లేపమని రాయాలె. ఇదంతా ఎందుకు అనేటోళ్లు టెయిల్‌స్కేల్ (తయారుగ దొరికే వీపీఎన్) వేసుకోండ్రి, పది నిమిషాల పని. ఏది వాడినా సీరియల్ పోర్టుని మాత్రం తాళం లేకుండ ఇంటర్నెట్ మీద ఇడిసిపెట్టకుండ్రి, దాని చివరన మోటరున్నది.

రీసెట్ కొట్టే చెయ్యి గూడ ఒకటి తోటల ఇడిసి రావాలె. పై జీపీఐఓ (ప్రోగ్రామ్‌తోని ఆన్ ఆఫ్ చేసే పిన్ను) కెల్లి 1 కిలో ఓమ్, దాంట్లకెల్లి బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్, కలెక్టర్ బోర్డు ఈఎన్ (రీసెట్) పిన్నుకి, ఎమిటర్ గ్రౌండుకి, అంతే. ఇంకోటి ఇట్లనే బోర్డు జీపీఐఓ 0కి పెడితే కొత్త ఫర్మ్‌వేర్ గూడ ఇంటికాడికెల్లే ఎక్కియ్యొచ్చు, జీరోని కిందికి పట్టుకొని రీసెట్ కొడితే డౌన్‌లోడ్ మోడ్‌ల లేస్తది, ఎస్పీటూల్‌కి (ఫర్మ్‌వేర్ ఎక్కిచ్చే ప్రోగ్రామ్) మాత్రం రీసెట్ నేనే చేసిన నువ్వు చేయకు అని చెప్పాలె. ఐసొలేటర్ పెట్టినోళ్లు ఈ రెండిటికి ట్రాన్సిస్టర్ బదులు ఆప్టోకప్లర్ (లైటుతోని సిగ్నల్ దాటించే చిప్పు) పెట్టాలె, లేకుంటే వేరుజేసిన గ్రౌండ్లు మళ్ల కలుస్తయి. బోర్డు కరెంటే తీసి పెట్టే రిలే గూడ పెట్టుకుంటే మంచిది, దాన్ని ఎన్‌సీ (మామూలుగ కలిసే ఉండే) కాంటాక్ట్ మీద పెట్టాలె, పై చచ్చిపోయినా బోర్డుకి కరెంటు ఉంటది.

ఇప్పుడు అసలు పని. ఈఎస్‌పీ32 పడిపోతే గురు మెడిటేషన్ ఎర్రర్ అని కారణం రాస్తది, కింద బ్యాక్‌ట్రేస్ అని, ఏ ఫంక్షన్‌కెల్లి ఏ ఫంక్షన్లకి పోయి పడ్డదో ఆ అడ్రసులు రాస్తది. ఆ అడ్రసులని, అదే బిల్డు ఈఎల్ఎఫ్ ఫైలుని (కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) addr2line అనే ప్రోగ్రామ్‌కి ఇస్తే ఏ ఫైల్ల ఏ లైన్ల పడ్డదో చెప్తది. అదే బిల్డు అనేది ఒత్తి చెప్తున్న, మళ్ల కంపైల్ చేసిన ఈఎల్ఎఫ్ ఇస్తే అది గూడ ఏదో ఒక లైను చెప్తది, మనం దాని ఎంబడి పడి రెండు రాత్రులు పోగొట్టుకుంటం. తోటకి పోయిన ప్రతి బిల్డు ఈఎల్ఎఫ్‌ని వర్షన్ పేరుతోని దాసి పెట్టు. బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ అని కనపడితే కోడ్ చూడకు, పవర్ సప్లై చూడు, వైఫై లేసినప్పుడో రిలే పడ్డప్పుడో వోల్టేజీ కుంగుతుంది.

చానావరకు దీంతోనే దొరుకుతది. దొరక్కుంటే జీడీబీ, అంటే ప్రోగ్రామ్‌ని ఆపి లోపట చూపెట్టే డీబగ్గర్. ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌ల (ఈ చిప్పుకి ప్రోగ్రామ్ రాసే కిట్) ప్యానిక్ అయితే ఏం చేయాలె అనే కాడ జీడీబీస్టబ్ (బోర్డు లోపట ఉండి జీడీబీతోని మాట్లాడే ముక్క) పెట్టి బిల్డు చేస్తే, పడిపోయినప్పుడు రీబూట్ కాకుండ అక్కడనే ఆగి మన కోసం చూస్తది. లాగ్‌ల చివరన డాలర్, టీ0బీ, హాష్, ఈ6 అని ఒక చిత్రమైన ముక్క కనపడ్తది, అది చెత్త కాదు, జీడీబీ ప్యాకెట్. 0బీ అంటే 11, సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్, ఈ6 చెక్‌సమ్ (అక్షరాలు సరిగ వచ్చినయా చూసే లెక్క), టీ, 0, చిన్న బీ, ఆ మూడు అక్షరాల కోడ్లు 84, 48, 98 కలిపితే 230, హెక్స్‌ల రాస్తే ఈ6. చెక్‌సమ్ కలవకుంటే లైన్ల నాయిస్ ఉన్నట్టు. అప్పుడు పికోకామ్ ఆపాలె, ఎందుకంటే ఒకే పోర్టుని రెండు ప్రోగ్రాములు చదివితే అక్షరాలు అటు కొన్ని ఇటు కొన్ని పంచుకుంటయి, ఎవ్వలికీ పూర్తిగ రాదు. దాని జాగల సెర్‌టునెట్‌ని (సీరియల్ పోర్టుని నెట్‌వర్క్ పోర్టుగ చేసే ప్రోగ్రామ్) రా మోడ్‌ల పైలోనే లోకల్‌హోస్ట్ మీద పెట్టి, ఆ పోర్టుని ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ల ఇంటికి తెచ్చుకొని, ఇంట్ల జీడీబీల టార్గెట్ రిమోట్ అని ఆ పోర్టు ఇయ్యాలె. టెల్నెట్ మోడ్ పెట్టకు, దాంట్ల 255 అనే బైటుకి వేరే అర్థం ఉన్నది. జీడీబీ మామూలుగ జవాబు కోసం 2 సెకన్లే చూస్తది, తోట సిగ్నల్‌కి అది సరిపోదు, రిమోట్‌టైమవుట్ 20 పెట్టు.

కానీ ఇది చేసే ముందు పెదనాయనకి ఫోన్ చేయాలె. బోర్డు ఆగిందంటే దాని పిన్నులు ఎట్లున్నయో అట్లనే ఆగుతయి, మోటరు ఆన్‌ల ఉండంగ ఆగితే మోటరు నడుస్తనే ఉంటది, నీళ్లు ఐపోయినా బంద్ చేసేటోడు ఉండడు, మోటరు కాలితే మళ్ల బోరుకెల్లి గుంజాలె, ఆ ఖర్చు ఏందో బోరున్నోళ్లకి చెప్పే పని లేదు. నేను ఇట్ల అంటా: "పెదనాయనా, స్టార్టర్ మాన్యువల్ల పెట్టి ఆఫ్ చేయి, మళ్ల నేను చెప్పేదాక ముట్టకు, ఎవ్వల్ని ముట్టనియ్యకు." ఆయన "అయింది" అన్నంక గూడ లాగ్‌ల ఆంప్స్ సున్నా చూసినంకనే చేస్త. పని అయినంక జీడీబీస్టబ్ బిల్డు తీసేసి, పడితే బ్యాక్‌ట్రేస్ రాసి తనంతట తనే రీబూట్ అయ్యే బిల్డు మళ్ల ఎక్కియ్యాలె. రీసెట్ టైముల పిన్నులు గాల్ల ఉంటయి కాబట్టి రిలే డ్రైవర్ కాడ 10 కిలో ఓమ్ కిందికి గుంజి పెట్టాలె, లేకుంటే రీసెట్ కొట్టినప్పుడల్లా కాంటాక్టర్ టక్కుమంటది.

అన్నీ బిగించినంక ఎంబడే బండెక్కకు. ఐసొలేటర్ పెట్టిన నాడు నేను ఫ్యూజు గుంజి మీటర్ పెట్టి చూసిన, రైలు సున్నాకి దిగింది, ఫ్యూజు పెడితే లాగ్‌ల పవర్ ఆన్ రీసెట్ అని వచ్చింది. డాంగుల్ గుంజి మళ్ల పెట్టి టనెల్ తనంతట తనే లేసేదాక నిలబడ్డ. తర్వాత తోట బయటికొచ్చి గట్టు మీద నిలబడి, ఫోన్ల సొంత నెట్ మీద పైలకి పోయి రీసెట్ కొట్టిన, పెదనాయన స్టార్టర్ డబ్బ కాడికెల్లి "ఆరిందిరా... ఆ, ఎలిగింది" అని కేకేసినంక బండి స్టార్ట్ చేసిన.