లాభం కాగితం మీద, డబ్బు బయట

ఆర్డర్లకు లోటు లేదు, లెక్కల్లో లాభం కనిపిస్తోంది, నెలాఖరుకు జీతాలివ్వాలంటే మాత్రం చేబదులే. నా చిన్న వ్యాపారంలో ఈ చిక్కు ఎక్కడుందో బాకీల పట్టీ రాశాకే తెలిసింది. రావలసిన ప్రతి బిల్లునూ గడువు దాటి 30 రోజుల్లోపు, 30 నుంచి 60, 60 నుంచి 90, ఆపైన అని నాలుగు గళ్లలో వేశాను. పెద్ద మొత్తాలన్నీ చివరి గడిలోనే. అవీ ఇద్దరు ముగ్గురు పాత ఖాతాదారులవే!

నూటికి పది మిగిలే వ్యాపారంలో 100 బాకీ మునిగితే, చేతినుంచి పోయిన 90 రాబట్టడానికి మరో 900 అమ్మాలి. ఈ లెక్క చూశాక మొహమాటం దానంతటదే పోయింది.

సరుకు అందిన రోజే బిల్లు పంపడం మొదలుపెట్టాను. '30 రోజుల్లో' అనే బదులు కట్టాల్సిన తేదీనే వేస్తున్నాను. గడువుకు ముందే ఒక ఫోన్: "బిల్లు అందిందాండీ, తేడాలేమైనా ఉన్నాయా?" చాలా ఆలస్యాలు ఇక్కడే తేలిపోతాయి, కొన్నిసార్లు బిల్లు అకౌంట్స్ వాళ్లదాకా వెళ్లే ఉండదు. కొత్తవాళ్ల దగ్గర సగం అడ్వాన్సు. పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు లేదు. ఒకరు అలిగి వెళ్లిపోయారు, వెళ్లనిచ్చాను. మిగతావాళ్లు వాయిదాల్లో కడుతున్నారు, తేదీలు రాసిచ్చి మరీ.