ఎముకలూ వంశవృక్షమూ – 3వ పాఠం: సాంద్రత వేరు, బలం వేరు

వంశవృక్షం గీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి దాని పక్కన డెక్సా (ఎముక సాంద్రతను కొలిచే ఎక్స్‌రే పరీక్ష) రిపోర్టును పెట్టుకుని రెండింటినీ కలిపి చదువుదాం.

రిపోర్టులో టీ స్కోరు, జెడ్ స్కోరు అని రెండు అంకెలుంటాయి. టీ స్కోరు యువ వయస్కుల ఎముకతో పోల్చి చెప్పేది కనుక పిల్లల విషయంలో దాన్ని చూడకూడదు. వయసుకు తగిన పోలిక జెడ్ స్కోరు. అది మైనస్ 2 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే సాంద్రత తగ్గిందని అర్థం. అంతమాత్రాన ఎముక బలం తేలిపోదు.

బొబ్బిలి ప్రాంతంలో ఒక కుటుంబం ఉందనుకోండి. తాతకు, తండ్రికి, మనవరాలికి చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతున్నాయి. ముగ్గురికీ కంటి తెల్లగుడ్డు నీలంగా ఉంది. తరం తప్పకుండా వస్తోంది కనుక, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు జన్యు ప్రతుల్లో (కాపీల్లో) లోపమున్నది ఒక్కటున్నా జబ్బుకు చాలుతోందని, ప్రతి కాన్పులోనూ బిడ్డకు సంక్రమించే అవకాశం సగమని గ్రహించాలి. ఇది ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా. ఎక్కువమందిలో లోపం సీఓఎల్‌1ఏ1, సీఓఎల్‌1ఏ2 జన్యువుల్లో ఉంటుంది. ఇవి తయారుచేసే, ఎముకకు పట్టునిచ్చే ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌లో మూడు పోగులు కొబ్బరి తాడులా పురి పడతాయి. ప్రతి మూడవ అమైనో ఆమ్లం గ్లైసిన్ అయితేనే పురి బిగుస్తుంది, ఎందుకంటే అంతకన్నా పెద్దది లోపల పట్టదు. జన్యు ప్రతి ఒకటి అసలే పనిచేయకపోతే కొల్లాజెన్ సగమే తయారైనా ఉన్నది మంచిదే కనుక జబ్బు సాధారణంగా తేలికగా ఉంటుంది. గ్లైసిన్ స్థానంలో వేరొకటి చేరితే చెడిన పోగు మంచి పోగులతో కలిసి పురినే పాడుచేస్తుంది, జబ్బు తరచుగా తీవ్రమవుతుంది. తక్కువ పడటం కన్నా చెడ్డది చేరడమే ఎక్కువ నష్టమన్న ఈ సంగతిని బాగా మనసులో నిలుపుకోండి.

దీనికి ఎదురుగా ఉండేది ఆస్టియోపెట్రోసిస్. పాత ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టు కణాలు పనిచేయవు కనుక సాంద్రత చాలా ఎక్కువ, అయినా ఎముక పెళుసు. మూలుగకు చోటు చాలక రక్తహీనత వస్తుంది, నరాల దారులు ఇరుకై చూపు కూడా పోవచ్చు. పసివయసులో వచ్చే తీవ్ర రూపానికి లోపమున్న ప్రతులు రెండూ కావాలి; తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు. దగ్గరి బంధువులిద్దరిలోనూ అదే లోపమున్న ప్రతి ఉండే అవకాశం ఎక్కువ; వంశవృక్షంలో మేనరికాన్ని సూచించే జంట గీతను గీయడం మరువకూడదని గత పాఠంలో అన్నది ఇందుకే. అలాగని అధిక సాంద్రత ఎప్పుడూ పెళుసుతనమే కాదు: ఎస్ఓఎస్‌టీ జన్యువు పనిచేయకపోవడం వల్ల వచ్చే స్క్లెరోస్టియోసిస్‌లో ఎముక దట్టంగానూ, గట్టిగానూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కూడా ఎముకను బలహీనపరుస్తుంది. ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒకే ఇంట్లో పలువురికి అది ఉండవచ్చు కనుక, అక్కడి వంశవృక్షంలో జబ్బు ఉన్నవారిని చూపే నల్లగుర్తులు వరుసగా కనిపించినా, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా జన్యువు మీద నేరం మోపకండి.

అభ్యాసం: మేనత్త కొడుకును పెళ్లాడిన ఆరోగ్యవంతురాలికి నలుగురు పిల్లలు, ఒక కొడుకుకూ, ఒక కూతురికీ ఆస్టియోపెట్రోసిస్ ఉంది. పటం గీసి, ఐదవ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం ఎంతో రాయండి. జవాబును 4వ పాఠం మొదట్లో సరిచూసుకుందాం.